పాత జావా, పాత డాట్ నెట్, పాత విజువల్ సీ: తీసేయాలా, ఉంచాలా, పక్కన పెట్టాలా?

విండోస్ సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో ఇన్‌స్టాల్డ్ యాప్స్ తెరిచి సెర్చ్‌లో ‘విజువల్’ అని కొట్టండి. నాలుగైదేళ్లు వాడిన మెషీన్ అయితే 2008 నుంచి 2022 దాకా పదో పన్నెండో వరసలు కనిపిస్తాయి. ‘జావా’ అని కొడితే ఇంకో రెండు మూడు. ఇవి చూడగానే చుట్టుపక్కల వాళ్లు రెండు రకాలుగా చెబుతారు. "పాతవన్నీ పీకేయ్, స్పీడు పెరుగుతుంది" అని కొందరు, "నడుస్తున్నదాన్ని కెలకొద్దు" అని కొందరు. స్పీడు సంగతి ముందే తేల్చేద్దాం. ఈ రన్‌టైమ్‌లు, అంటే వేరే ప్రోగ్రామ్‌లు నడవడానికి కావాల్సిన సహాయక సాఫ్ట్‌వేర్లు, డిస్క్‌లో పడి ఉండే ఫైళ్లు, ఏదో ఒక ప్రోగ్రామ్ పిలిస్తేనే మెమరీలోకి వస్తాయి. జావా సొంతదారు కంపెనీ ఒరాకిల్ ఇచ్చే జావాతో వచ్చే అప్‌డేట్ షెడ్యూలర్ లాంటిది ఒకటి వెనకాల నడుస్తుండొచ్చు, అంతే. వీటిని తీసేస్తే స్పీడు పెరగదు.

వెర్షన్ వయసు చూసి నిర్ణయిస్తే దెబ్బతింటారు. ఏ ప్రోగ్రామ్ దాన్ని అడుగుతోంది, ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లు దాని చేతిలో పడతాయా? ఈ రెండూ చూస్తే ఒక్కోదానికి ఒక్కో జవాబు వస్తుంది.

విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్స్, అంటే ఆ భాషలో రాసిన ప్రోగ్రామ్‌లకు కావాల్సిన లైబ్రరీల సంగతి తేలిక, ఉంచడమే మేలు. 2008, 2010, 2012, 2013 దేనికదే వేరు, ఒకదాని పని ఇంకొకటి చేయదు. 2015 నుంచి 2022 దాకా మాత్రం ఒకే కుటుంబం, కొత్తది పెడితే పాతదాని స్థానంలో కూర్చుంటుంది. ఒక్కో ఏడాదికీ ఎక్స్86 (32-బిట్), ఎక్స్64 (64-బిట్) అని రెండేసి ఉంటాయి. 64-బిట్ విండోస్‌లో ఎక్స్86 ఎందుకని చాలామంది తీసేస్తారు. కానీ 32-బిట్ ప్రోగ్రామ్‌కు 32-బిట్ లైబ్రరీయే కావాలి, స్కానర్ సాఫ్ట్‌వేర్లు, పాత అకౌంటింగ్ ప్యాకేజీలు చాలావరకు ఆ బాపతే. తీసిన రోజు ఏమీ తెలియదు. వారం తర్వాత ఏదో ప్రోగ్రామ్ తెరవబోతే ‘ఎంఎస్‌వీసీపీ140 డాట్ డీఎల్ఎల్ దొరకలేదు’ అంటుంది. 2008దైతే ‘సైడ్ బై సైడ్ కాన్ఫిగరేషన్ ఇన్‌కరెక్ట్’ అనే ఇంకా అర్థంకాని మాట వస్తుంది. అప్పుడు ఆ డీఎల్ఎల్ (లైబ్రరీ ఫైల్) ఒక్కదాన్నీ ఏదో సైట్ నుంచి దించి సిస్టమ్32లో వేయడం అన్నిటికన్నా చెడ్డ పని, దాంతోపాటు వైరస్ కూడా రావచ్చు. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి ఆ ఏడాది ప్యాకేజీ, ఎక్స్86, ఎక్స్64 రెండూ పెట్టుకుంటే చాలు. ఇన్‌స్టాలర్ ‘వేరే వెర్షన్ ఇప్పటికే ఉంది’ అని ఆగిపోతే కంగారు వద్దు, మీ దగ్గర అంతకన్నా కొత్తదే ఉందని అర్థం. అయినా ప్రోగ్రామ్ తెరుచుకోకపోతే ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లో దాని వరసలో మాడిఫై నొక్కి రిపేర్ ఎంచుకోండి.

మైక్రోసాఫ్ట్ రన్‌టైమ్ అయిన డాట్ నెట్‌లో రెండు వంశాలున్నాయి, గందరగోళం అక్కడే. డాట్ నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8 విండోస్‌లో భాగం, దాని జోలికి పోనక్కర్లేదు. పాత ప్రోగ్రామ్ 3.5 అడిగితే విండోస్ ఫీచర్స్‌లో టిక్ పెట్టాలి, 2.0, 3.0 కూడా అందులోనే వస్తాయి. రెండో వంశం డాట్ నెట్ 5, 6, 7, 8 ఇలా పోతుంది. 6 కోసం రాసిన ప్రోగ్రామ్, 8 ఉంది కదా అని మామూలుగా దాంతో సర్దుకోదు. 6కు మద్దతు 2024 నవంబరులో ముగిసింది కాబట్టి తీసేయొచ్చు, దాన్ని అడిగే ప్రోగ్రామ్ లేకపోతేనే. ఉంటే ముందు ఆ ప్రోగ్రామ్‌కు కొత్త వెర్షన్ వచ్చిందేమో చూడండి. మళ్లీ పెట్టాల్సి వస్తే ‘డెస్క్‌టాప్ రన్‌టైమ్’ పెట్టాలి. ఉత్త ‘రన్‌టైమ్’ పెడితే తెరమీద విండో తెరిచే ప్రోగ్రామ్‌లు నడవవు.

అసలు చిక్కు జావాతో. ఇంట్లో ఒకరు అమీర్‌పేటలో జావా కోర్సులో చేరి జేడీకే 21 (జావా ప్రోగ్రామ్‌లు రాయడానికి కావాల్సిన కిట్) పెట్టుకుంటారు. అదే మెషీన్‌లో ఇంకొకరికి డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ (ఆన్‌లైన్‌లో సంతకానికి వాడే యూఎస్‌బీ) కోసం ఎప్పుడో పెట్టిన జావా 8 ఉంటుంది. కోర్సులో రాసిన ప్రోగ్రామ్ కంపైల్ అవుతుంది (నడిచే రూపంలోకి మారుతుంది), రన్ చేస్తే ‘అన్‌సపోర్టెడ్ క్లాస్ వెర్షన్’ అని, 65 అనీ 52 అనీ రెండు అంకెలు చూపిస్తుంది. 65 అంటే జావా 21, 52 అంటే జావా 8. కంపైల్ చేసింది కొత్తది, రన్ చేయబోయింది పాతది. ఒరాకిల్ జావా 8 ఇన్‌స్టాలర్ ‘జావాపాత్’ అనే తన ఫోల్డర్‌ను సిస్టమ్ పాత్‌లో (ప్రోగ్రామ్‌ను ఏయే ఫోల్డర్లలో వెతకాలో చెప్పే జాబితాలో) అన్నిటికన్నా ముందు పెడుతుంది. అందులో జావా ఉంటుంది, జావాసీ (కంపైలర్) ఉండదు. అందుకే కంపైలర్ మాత్రం కొత్తది దొరుకుతుంది. పైగా విండోస్ సిస్టమ్ పాత్ చూశాకే యూజర్ పాత్ చూస్తుంది, కాబట్టి యూజర్ వేరియబుల్స్‌లో ఎన్నిసార్లు జేడీకే రాసినా లాభం లేదు.

కమాండ్ ప్రాంప్ట్‌లో ‘వేర్ జావా’ (where java) అని కొడితే ఉన్నవన్నీ వరసగా వస్తాయి, మొదటిదే నడుస్తుంది. పవర్‌షెల్‌లో ‘వేర్’ అంటే వేరే పని, అక్కడ కొట్టొద్దు. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో సిస్టమ్ పాత్ తెరిచి జేడీకే 21లోని బిన్ ఫోల్డర్‌ను మూవ్ అప్‌తో పైకి తెచ్చి, కమాండ్ ప్రాంప్ట్ మూసి కొత్తది తెరవండి. తెరిచి ఉన్నదానికి ఈ మార్పు తెలియదు.

ఇప్పుడు ఆ జావా 8ని ఏం చేయాలి? సంతకం పెట్టే పోర్టల్ సహాయ పేజీలో జావా ప్రస్తావనే లేకపోతే తీసేయడమే మేలు. పాత జావాలు పోగుపడటం ఉత్తుత్తి భయం కాదు. అప్‌డేట్ పెట్టినప్పుడు అంతకుముందున్న ఒక్క వెర్షనే పోతోందని, ఇంకా పాతవి లోపాలతో సహా మిగిలిపోతున్నాయని, ఆ సంగతి వినియోగదారులకు చెప్పలేదని 2015 డిసెంబరులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒరాకిల్‌ను తప్పుపట్టింది. పోర్టల్ జావా 8 కావాలంటే ఒకే ఒక్క జావా 8, అదీ తాజా అప్‌డేట్, ఉంచండి. 32-బిట్ అని రాసి ఉంటే దానికీ కారణం ఉంది. టోకెన్ డ్రైవర్ లైబ్రరీ 32-బిట్ అయితే 64-బిట్ జావా దాన్ని లోడ్ చేయలేదు. ‘జావా -వెర్షన్’ కొట్టినప్పుడు చివరి వరసలో ‘64-బిట్’ అని లేకపోతే మీది 32-బిట్.

ఇన్‌స్టాల్ చేయకుండా జిప్ విప్పి ఒక ఫోల్డర్‌లో ఉంచుకోవడం ఇంకో దారి. ఒరాకిల్‌ది కాని టెమురిన్ అనే జావా 8 జిప్‌గా దొరుకుతుంది. వ్యాపారానికి వాడినా ఉచితమే. ఒరాకిల్ జావా 8 మాత్రం 2019 ఏప్రిల్ నుంచి సొంత వాడకానికీ, ప్రోగ్రామ్‌లు రాసి చూసుకోవడానికే ఉచితం, ఇంట్లో కూర్చుని టెండర్లు వేసేవాళ్లు ఇది గమనించాలి. ఒక బ్యాచ్ ఫైల్‌లో (కమాండ్లు వరసగా నడిపే ఫైల్) మూడు వరసలు రాస్తే సరి: జావా హోమ్‌ను ఆ ఫోల్డర్‌కు సెట్ చేసేది, దాని బిన్‌ను పాత్‌కు ముందు చేర్చేది, ప్రోగ్రామ్‌ను పిలిచేది. మిగతా మెషీన్‌కు ఆ జావా ఉన్నట్టే తెలియదు. ఇందులో ఇబ్బందులూ ఉన్నాయి. రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగులు దాచుకునే చోట) జావా కోసం వెతికే ప్రోగ్రామ్‌లకు ఇది కనిపించదు. వెబ్‌సైట్ నుంచి జావా ప్రోగ్రామ్‌లను నడిపే జేఎన్‌ఎల్‌పీ ఫైళ్లు తెరిచే వెబ్ స్టార్ట్ ఇందులో లేదు. అప్‌డేట్ దానంతటది రాదు, మూడు నెలలకోసారి మీరే మార్చాలి. అంత ఓపిక ఉన్నవాళ్లకు అన్నిటికన్నా ఇదే శుభ్రం. లేనివాళ్లు ఇన్‌స్టాలర్‌తోనే పోవడం మంచిది, ఎందుకంటే మరిచిపోయిన జిప్ జావా ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లో కూడా కనపడదు.

ఫ్లాష్, సిల్వర్‌లైట్, విండోస్‌లో క్విక్‌టైమ్ గురించి ఆలోచించే పనే లేదు, తీసేయండి.

పైథాన్‌కు పక్కపక్కన ఉండటం మొదటి నుంచీ అలవాటే. 3.8, 3.12 వేర్వేరు ఫోల్డర్లలో ఉంటాయి, ‘పై’ లాంచర్ ఏది అడిగితే దాన్ని తెస్తుంది. పిప్‌ను (ప్యాకేజీలు దించి పెట్టే టూల్) కూడా లాంచర్ ద్వారానే, వెర్షన్ చెప్పి పిలవండి, లేకపోతే ప్యాకేజీ ఒకదానికి పెట్టి ఇంకోదాంట్లో వెతుక్కుంటారు. పాతది తీసే ముందు దాంతో చేసిన వర్చువల్ ఎన్విరాన్‌మెంట్లు (ఒక్కో ప్రాజెక్టుకు విడిగా పెట్టుకున్న పైథాన్ ఫోల్డర్లు) ఉన్నాయేమో చూడాలి. అవి అసలు పైథాన్ ఫోల్డర్‌ను ఆధారం చేసుకుని నడుస్తాయి, అది పోతే ఇవీ ఆగిపోతాయి.

ఇక వర్చువల్ మెషీన్, అంటే మీ కంప్యూటర్‌లోనే ఒక ప్రోగ్రామ్‌లా నడిచే ఇంకో కంప్యూటర్. పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లతో పెళ్లి పత్రికలు, కరపత్రాలు చేసేవాళ్లు ఊళ్లో ఇంకా ఉన్నారు. ఒక్క ప్రోగ్రామ్ కోసం మెషీన్ మొత్తాన్ని పాత విండోస్‌లో ఆపేయడం కన్నా వర్చువల్‌బాక్స్‌లో 32-బిట్ విండోస్ 7 పెట్టి, 2 జీబీ ర్యామ్, 30 జీబీ డిస్క్ ఇచ్చి, నెట్‌వర్క్ ‘నాట్ అటాచ్డ్’ చేసి, ఫైళ్లు షేర్డ్ ఫోల్డర్‌లో మార్చుకోవడం ఎంతో నయం. షేర్డ్ ఫోల్డర్ కనపడాలంటే లోపలి విండోస్‌లో వర్చువల్‌బాక్స్‌తో వచ్చే గెస్ట్ అడిషన్స్ పెట్టాలి, లోపలి విండోస్‌కు లైసెన్సూ వేరే ఉండాలి. 4 జీబీ మెషీన్‌లో ఇది నడవదు. 8 జీబీలో నడుస్తుంది, పక్కన క్రోమ్‌లో ఇరవై ట్యాబులు లేకపోతే. మద్దతు పోయిన జావాతో తప్ప నడవని ప్రోగ్రామ్‌కూ ఇదే చోటు. జావా 8 కోసమైతే ఇంత హంగామా దండగ.

ఏది తీసినా ముందు సిస్టమ్ ప్రొటెక్షన్‌లో సీ డ్రైవ్‌కు ఆన్ ఉందో లేదో చూసి రీస్టోర్ పాయింట్ (తేడా వస్తే వెనక్కి వెళ్లే గుర్తు) పెట్టండి, చాలా మెషీన్లలో అది ఆఫ్‌లోనే ఉంటుంది. ఒకసారికి ఒక్కటే తీసి రీస్టార్ట్ చేయండి. రెండు కలిపి తీస్తే దేనివల్ల ఏం ఆగిందో తేలదు. రోజూ వాడేవి ఎలాగూ తెరుస్తారు. జూలైలో రిటర్న్ వేసేటప్పుడో, టెండరు వచ్చినప్పుడో మాత్రమే తెరిచే ప్రోగ్రామ్‌ను కూడా అదే రోజు తెరిచి, టోకెన్ పెట్టి, సంతకం దాకా వెళ్లి చూడండి.