చోడి అంబలి, ఛెనా, పెసరపప్పు: బరువు తగ్గే ఆపరేషన్ తరువాత మెత్తని తిండిలో ఏది మేలు?

బరువు తగ్గడానికి కడుపుకు ఆపరేషన్ చేయించుకున్నవారికి ఆసుపత్రివారు ఇచ్చే ఆహార పట్టికలో సాధారణంగా సూపులు, ఓట్స్, పెరుగు, ప్రోటీన్ పౌడర్ ఉంటాయి. విశాఖలోనో భువనేశ్వరంలోనో ఆపరేషన్ చేయించుకుని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు ఉన్న మన ఇళ్లకు తిరిగి వచ్చాక, ఆ పట్టిక పట్టుకుని వంటగదిలోకి వెళితే అక్కడ ఉండేవి చోడిపిండి (రాగిపిండి), పెసరపప్పు, గంజి, తరవాణి (పులియబెట్టిన గంజినీళ్లు). ఒడియా పొరుగు వల్ల మన వంటలో కలిసిపోయిన ఛెనా (పాలు విరిచి తీసే మెత్తని ముద్ద), దాల్మా (కూరగాయలతో వండే పప్పు), పఖాళ (నీళ్లలో నానబెట్టి పులియనిచ్చిన అన్నం). ఇవన్నీ మెత్తనివే, అన్నీ గొంతు దిగేవే, కానీ ఒకదాని పని మరొకటి చేయదు. స్లీవ్ ఆపరేషన్ తరువాత మా వదిన తిండి బాధ్యత నా మీద పడినప్పటి నుంచి వీటిని పక్కపక్కన పెట్టి చూస్తూ వచ్చాను కనుక, నా అభిప్రాయం ముందే చెబుతున్నాను. సులువుగా దిగేదానికంటే ప్రోటీన్ ఉన్నదాన్ని ముందు పెట్టాలి. వికారం పట్టిన పూట మాత్రమే ఈ వరుస మారాలి.

ఎందుకంటే ఇక్కడ కొరత చోటుకే. స్లీవ్‌లో కడుపులో సుమారు 75 నుంచి 80 శాతం తీసివేస్తారు. బైపాస్‌లో పైభాగాన సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని మాత్రమే మిగిల్చి, దాన్ని నేరుగా పేగుకు కలుపుతారు. మొదట పలుచని ద్రవాలు, తరువాత సుమారు రెండు వారాల వరకు చిక్కని ద్రవాలు, ఆపైన మరో రెండు వారాలు మెదిపిన గుజ్జు, అక్కడి నుంచి రెండో నెల దాకా మెత్తని తిండి అన్నది చాలా ఆసుపత్రులు పాటించే క్రమం. మీ డాక్టరు ఇచ్చిన పట్టిక వేరుగా ఉంటే అదే పాటించాలి. రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రోటీన్ అందాలని చెబుతారు. నాలుగైదు చెంచాలకే నిండిపోయే కడుపులో ఆ లెక్క చేరాలంటే, ప్రతి చెంచాలో ఏముందో చూసుకోక తప్పదు.

ముందుగా అంబలి, ఛెనాల సంగతి. చోడి అంబలి మీద మనకున్న గౌరవం న్యాయమైనదే. కొరాపుట్, రాయగడ కొండల్లో మాండియా జావుగా, మన ఇళ్లలో అంబలిగా తరతరాల కష్టజీవులను నిలబెట్టిన తిండి అది. వంద గ్రాముల చోడిపిండిలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. బియ్యంలో గాని గోధుమలో గాని అంత ఉండదు. కానీ ప్రోటీన్ 7 గ్రాములే. పలుచని అంబలి గ్లాసుడు కాయడానికి పట్టే పిండి 20 గ్రాములు దాటదు కనుక, ఆ గ్లాసుతో ఒంటికి చేరే ప్రోటీన్ గ్రామున్నర మాత్రమే. పైగా అంబలి కడుపులో నిలవకుండా త్వరగా జారిపోతుంది. కాసేపటికే మళ్లీ ఆకలి వేస్తుంది, మళ్లీ అంబలే అడగాలనిపిస్తుంది. రోజంతా తాగుతూనే ఉన్నా కండ కరిగిపోవడం, జుట్టు రాలడం, నీరసం ఇలాంటి తిండితోనే ముదురుతాయి.

ఛెనా దీనికి పూర్తిగా వేరు. అర లీటరు పాలు విరిస్తే సుమారు 80 గ్రాముల ఛెనా వస్తుంది, అందులో 12 నుంచి 15 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. అంటే రెండు మూడు విడతలుగా తినే ఒక చిన్న గిన్నెలోనే రోజు అవసరంలో అయిదో వంతు వరకు అందుతుంది. నీళ్లతో పాటు పాలలోని లాక్టోజ్ చాలావరకు బయటికి పోతుంది కనుక, బైపాస్ తరువాత పాలు తాగితే కడుపు ఉబ్బరించేవారికి కూడా ఛెనా తరచుగా పడుతుంది. మిఠాయి దుకాణాల్లో తూకానికి అమ్మే ఛెనా మాత్రం ఈ రోజుల్లో వద్దనే అంటాను. అది ఎప్పుడు విరిచినదో, ఎంతసేపు బయట ఉన్నదో మనకు తెలియదు. ఇంట్లో చేయడం కష్టమేమీ కాదు. పాలు పొంగు వచ్చాక మంట తగ్గించి నిమ్మరసం కొద్దికొద్దిగా వేయాలి. పచ్చని తేట నీరు విడిపోగానే ఆపేసి, పలుచని బట్టలో వడకట్టి, నిమ్మ పులుపు పోయేలా చల్లని నీళ్లతో ఒకసారి కడగాలి. ఎక్కువసేపు వేలాడదీయకూడదు. నీరంతా పోయి గట్టిపడిన ఛెనా, దుకాణంలో దొరికే పనీరు ముక్కల్లాగే, కొత్త కడుపులో అడ్డం పడినట్టు నిలిచిపోతుంది. తడిగా ఉండగానే చెంచా వెనుకవైపుతో మెదిపి, రెండు చెంచాల పెరుగు, చిటికెడు ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి కలిపితే గుజ్జు దశలోనే పెట్టవచ్చు. మా ఇంట్లో పిల్లలకు ఉగ్గు పెట్టే చెంచానే వాడాము. ఒక చెంచా పెట్టుకుని, నోట్లోనే పూర్తిగా కరిగించి, చెంచా కింద పెట్టి కాసేపు ఆగాలి. ఎక్కిళ్లు రావడం, ముక్కు కారడం, ఛాతీ మధ్య బరువుగా అనిపించడం కడుపు నిండిందని చెప్పే గుర్తులు. మా వదినకు ముందుగా ముక్కు కారేది. గిన్నెలో ఎంత మిగిలి ఉన్నా అక్కడితో ఆపేసేది. ఆమె అత్తగారు మొదట్లో గిన్నె చూసి "ఈపాటి తిండితో మనిషి నిలబడతాదేటి?" అని బాధపడేవారు. అది ప్రేమతో అన్న మాటే. అయినా ఈ విషయంలో ఇంటిల్లిపాదికీ ముందుగానే నచ్చజెప్పి ఉంచడం అవసరం, ఎందుకంటే బలవంతం మీద తిన్న ఆ ఒక్క చెంచానే చాలాసార్లు వాంతికి కారణమవుతుంది.

ఈ రెండింటిలో నా ఓటు ఛెనాకే. అంబలిని మానమనను, ఛెనానో పప్పో తిన్న తరువాత, మధ్యలో తగినంత ఎడం ఇచ్చి, వడకట్టిన పలుచని అంబలి తాగించవచ్చు. మరో మార్గం కూడా ఉంది: అంబలి గోరువెచ్చగా చల్లారాక రుచి కలపని ప్రోటీన్ పౌడర్ కలపడం. వేడిగా ఉండగా కలిపితే పౌడర్ ఉండలు కట్టి నోటికి సహించదు.

పఖాళ విషయంలో నా మాట కొందరికి నచ్చకపోవచ్చు. మార్చి 20న పఖాళ దివసం జరుపుకునే నేల ఇది. ఎండాకాలంలో పఖాళ లేని ఇల్లు మన వైపు అరుదు. కానీ ఆపరేషన్ అయిన తొలి నెలల్లో అన్నం మెతుకులను, నీటిని కలిపి తీసుకోవడం రెండు విధాలా చెరుపు. తిండితో పాటు నీరు తాగకూడదని, తిన్నాక కనీసం అరగంట ఆగాలని డాక్టర్లు చెప్పేది ఇందుకే: నీరు కలిస్తే చిన్న కడుపు త్వరగా నిండి వికారం పుడుతుంది, లేదా ఉన్న తిండి త్వరగా జారిపోతుంది. పులిసిన నీరు మన ఎండల్లో ఎంత త్వరగా చెడుతుందో కూడా ఆలోచించాలి. చల్లగా, ఉప్పగా, కాస్త పుల్లగా ఏదైనా గొంతు తడపాలనిపిస్తే తరవాణి కంటే ఆనాటి పెరుగుతో చేసి వడకట్టిన తేట మజ్జిగ మేలు.

పెసరపప్పుకు వస్తే, కట్టుకూ ముద్దకూ మధ్య తేడా గమనించాలి. పైన తేరిన కట్టు ద్రవాల దశలో మంచిదే, కానీ పప్పులోని బలం ఎక్కువగా అడుగునే ఉండిపోతుంది. గుజ్జు దశ రాగానే కట్టు మానేసి, మెత్తగా ఉడికించిన పప్పునే జల్లెడలో మెదిపి పెట్టాలి. పాతిక గ్రాముల పప్పుతో సుమారు 6 గ్రాముల ప్రోటీన్, అంటే ఒక కోడిగుడ్డుతో సమానంగా అందుతుంది. మనం చింతపండు, ఎండుమిర్చి వేసి చేసే పప్పు కంటే, గుమ్మడి, పచ్చి బొప్పాయి వేసి పులుపు లేకుండా చేసే దాల్మా ఇక్కడ ఎంతో మేలు. స్లీవ్ తరువాత గుండెలో మంట రావడం సాధారణం కనుక పులుపు, కారం తగ్గడం ఆ విధంగా కూడా మంచిదే. కొబ్బరి కోరు మాత్రం వేయకుండా, కూర ముక్కలు పూర్తిగా మెదిగేలా ఉడికించాలి.

కోడిగుడ్డు, చేప రెండూ మంచివే. గట్టిగా ఉడికిన గుడ్డులోని పచ్చసొన పొడిగా ఉండి అంటుకుంటుంది, దాని వాసన వికారం రేపుతుంది. పాలు కలిపి గిలక్కొట్టి, సన్న సెగ మీద మెత్తగా చేసినది నయం. ముళ్లు జాగ్రత్తగా తీసి ఆవిరి మీద ఉడికించిన చేప, పొరలుపొరలుగా విడిపోతుంది కనుక, మాంసం కంటే చాలా ముందే పెట్టవచ్చు. ఎండు చేప, రొయ్య, కోడిమాంసం, ముడి (మరమరాలు), జంతికలు ఈ దశలో వద్దు. ఛతువా (వేయించిన ధాన్యాలు, శనగల పిండి) బలమైనదే అయినా శనగలు ఉండటం వల్ల గ్యాస్ తెస్తుంది, అంగన్‌వాడీలో ఇచ్చేదాంట్లో చక్కెర కూడా కలిసి ఉంటుంది. బైపాస్ అయినవారికి చక్కెర మామూలు విషయం కాదు. రసగుల్లా గాని, చక్కెర కలిపి కాల్చిన ఛెనా మిఠాయి ఛెనాపోడ గాని తిన్న అరగంటలోపే గుండె దడ, చెమటలు, కడుపునొప్పి, విరేచనాలు రావచ్చు. కొందరికి ఒకటి నుంచి మూడు గంటల తరువాత రక్తంలో చక్కెర పడిపోయి కళ్లు తిరుగుతాయి. అదే ఛెనాను ఉప్పుతో తింటే మందు, పాకంలో తింటే జబ్బు.

వికారం దగ్గర పోలిక మారుతుంది. ఆ పూట ప్రోటీన్ లెక్క పక్కన పెట్టి నీటి లెక్క చూడాలి, ఎందుకంటే ఒంట్లో నీరు తగ్గడమే వికారానికి తరచుగా కారణం, వికారం వల్ల నీరు తాగలేకపోవడం దాని ఫలితం, ఆ రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి. వేడివి వాసన వేస్తాయి, చల్లనివి వేయవు; అందుకని వికారం ఉన్నప్పుడు వేడి పప్పు కంటే చల్లని పెరుగు, వేడి టీ కంటే చల్లని మజ్జిగ సహిస్తాయి. పోపు ఘాటు పడకగది దాకా రాకుండా తలుపు మూసుకోవడం కూడా వైద్యంలో భాగమే. ఒక్కసారిగా గ్లాసుడు తాగడం కంటే, పక్కన సీసా పెట్టుకుని గుక్కగుక్కగా రోజంతా తాగి లీటరున్నర చేర్చడం మేలు. కొబ్బరినీళ్లు హాయిగా ఉన్నా వాటిలో సోడియం తక్కువ, తీపి ఎక్కువ. వాంతులైన రోజున ఓఆర్ఎస్ వాటికంటే నయం, బైపాస్ అయినవారు మాత్రం దాన్ని మరీ చిన్న గుక్కలుగా తాగాలి.

అల్లం మంచిదా, మాత్ర మంచిదా అని మన ఇళ్లలో తరచుగా అడుగుతారు. చిన్న ముక్క అల్లం మరిగించి వడకట్టి, చల్లార్చిన నీళ్లు తేలికపాటి వికారానికి పనిచేస్తాయి. శొంఠి, మిరియాల ఘాటు కషాయం మాత్రం మంట పుట్టిస్తుంది. నీళ్లు కూడా నిలవని స్థితిలో అల్లంతో కాలం గడపకూడదు. డాక్టరు రాసిన ఓండాన్సెట్రాన్ (వాంతులు ఆపే మాత్ర) వేసుకోవడమే మేలు. నాలుక మీద కరిగే రకమైతే నీళ్లతో మింగే పని ఉండదు. అది మలబద్ధకం తెస్తుందని తెలిసి ఉండాలి. పరగడుపున వేసుకునే ఐరన్, విటమిన్ మాత్రలు కూడా వికారం తెస్తాయి కనుక వాటి వేళ మార్చవచ్చేమో అడగండి. బరువు తగ్గుతున్న కొద్దీ గర్భం నిలిచే అవకాశం పెరుగుతుంది. నెల తప్పిన స్త్రీ తన వికారాన్ని ఆపరేషన్ ఖాతాలో వేసేయకుండా ఒకసారి పరీక్ష చేయించుకోవాలి.

చివరిగా, మన సరిహద్దు ఊళ్లలో అన్నిటికంటే ముఖ్యమైన పోలిక ఒకటి ఉంది: ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర సెలైన్ పెట్టించుకోవడం మేలా, దూరమైనా ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి ఫోన్ చేయడం మేలా? వాంతులు మొదలైన వెంటనే ఒక బాటిల్ ఎక్కించుకుంటే సరిపోతుందన్న నమ్మకం మనలో బలంగా ఉంది. కానీ రోజుల తరబడి వాంతులు ఆగని వ్యక్తి ఒంట్లో బి1 విటమిన్, అంటే థయామిన్, నిల్వలు త్వరగా అడుగంటుతాయి. ఆ స్థితిలో థయామిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకు ప్రమాదం. నడక తూలడం, ఒక వస్తువు రెండుగా కనిపించడం, మాటలో తికమక దాని లక్షణాలు. చికిత్స ఆలస్యమైతే ఆ నష్టం శాశ్వతంగా మిగలవచ్చు. ఒంటినొప్పికి వేసే డైక్లోఫెనాక్ సూది కూడా, ముఖ్యంగా బైపాస్ అయినవారికి, కడుపు సంచిని పేగుకు కలిపిన అతుకు దగ్గర పుండు తెస్తుంది. అందువల్ల ఎక్కడికి వెళ్లినా ముందుగా చెప్పవలసిన మాటలు మూడు: కడుపుకు ఈ ఆపరేషన్ అయింది, గ్లూకోజ్ కంటే ముందు థయామిన్ ఇవ్వండి, నొప్పి సూది ఏదో చెప్పకుండా వేయవద్దు. డిశ్చార్జి కాగితాన్ని ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచితే, తెలుగు రాని డాక్టరుకైనా ఒడియా రాని రోగి సంగతి అర్థమవుతుంది.

ఒక రోజంతా నీళ్లు నిలవకపోయినా, మూత్రం ముదురు రంగులో కొద్దికొద్దిగానే వస్తున్నా ఆసుపత్రికి ఫోన్ చేయాలి. మొదటి వారాల్లో జ్వరం, భుజంలో గాని కడుపులో గాని తీవ్రమైన నొప్పి, కూర్చున్నప్పుడు కూడా నాడి నిమిషానికి 120 దాటడం కనిపిస్తే కుట్ల దగ్గర లీకు అయి ఉండవచ్చు. ఫోన్ చేస్తూనే బయలుదేరాలి. నాలుగు నుంచి ఆరు వారాల మధ్య, అంతవరకు దిగుతున్న గుజ్జు కూడా క్రమంగా దిగకుండా పోతే, అతుకు దగ్గర దారి ఇరుకైందేమో ఎండోస్కోపీతో చూస్తారు, అవసరమైతే అప్పుడే బెలూన్‌తో వెడల్పు చేస్తారు. అలాంటప్పుడు ఛెనా మానేసి మళ్లీ అంబలికి మారి రోజులు నెట్టుకురావడం చికిత్సను వెనక్కి నెట్టడమే అవుతుంది.