ఫాం నింపించాలా, అంగట్లో కూర్చోవాలా: ఏది మేలు?

జనవరి వచ్చిందంటే మా కాలేజీ వాట్సాప్ గ్రూపుల నిండా గూగుల్ ఫాంలే. "రెండే నిమిషాలు మేడం, ప్లీజ్" అంటూ ఎంబీఏ రెండో సంవత్సరం పిల్లలు పంపుతుంటారు. నేను పాఠం చెప్పేది బెంగళూరులోనే అయినా తరగతిలో సగం మంది అనంతపురం, చిత్తూరు, కడప వైపు పిల్లలే. ఈసారి హిందూపురం అమ్మాయి ఒకతె మంచి ప్రశ్న పట్టుకొచ్చింది. పది నిమిషాల్లో సరుకు గుమ్మంలోకి తెచ్చే యాప్‌లు ఉండగా, బెంగళూరు మారతహళ్లిలో జనం ఇంకా కిరాణా అంగడికి ఎందుకు వెళ్తున్నారు?

"రెండొందల మందితో ఫాం నింపిస్తే సరిపోతుందా మేడం?" అని అడిగింది. ముందు నెల రోజులు ఒక అంగట్లో కూర్చోమన్నాను. ముఖం చిన్నబుచ్చుకుంది. అందరికీ వారంలో అయిపోయే పని తనకి మాత్రం నెల అనేసరికి ఆ పిల్లకి టెన్షన్ వచ్చింది. ఎందుకు అలా చెప్పానో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఇలాంటి ప్రాజెక్టు చేతిలో ఉన్నవాళ్లు ఇంకా చాలామంది ఉంటారు.

ఫాంతో లాభం లేదని నేను అనను. తక్కువ ఖర్చుతో ఎక్కువమందిని అడగొచ్చు. అందరినీ ఒకే ప్రశ్న అడుగుతాం కాబట్టి జవాబులు పోల్చి చూడొచ్చు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రెన్సిస్ లైకర్ట్ 1932లో మనుషుల అభిప్రాయాలను అంకెల్లోకి తెచ్చే పద్ధతి చూపించాక, "పూర్తిగా ఒప్పుకుంటాను" నుంచి "అసలు ఒప్పుకోను" దాకా ఉండే ఆ అయిదు గడులు ప్రపంచమంతా పాకాయి. చిక్కల్లా మనం వాటిని వాడే తీరుతోనే. "కొనేటప్పుడు నాణ్యతకు ఎంత ప్రాధాన్యం ఇస్తారు?" అని అడిగితే, ఇవ్వనని ఎవరు రాస్తారు?

నా పీహెచ్‌డీకి నేనూ ఫాంలు పట్టుకుని కృష్ణరాజపురం వీధుల్లో తిరిగాను. ఒకావిడ నన్ను కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, పెన్ను తీసుకుని అడిగింది: "నీకు ఏది కావాలో చెప్పు తల్లీ, అదే పెడతాను. నీ చదువు బాగా జరగాలి." ఆవిడ అన్నది అబద్ధం చెబుతానని కాదు. గడప తొక్కిన ఆడపిల్లకి చేతనైన సాయం చేయడం ఆవిడ మర్యాద. ఆ రాత్రి కట్ట విప్పి చూస్తే, చాలా ఫాంలలో పైనుంచి కింది దాకా నాలుగు మీదే టిక్కులు. నా ఏడాది కష్టం అందులో ఉంది. అప్పుడు కళ్లు తిరిగినంత పనయింది.

ఇక జ్ఞాపకం సంగతి. మన దేశంలో ఇంటి ఖర్చుల లెక్క తీయడంలో 1950 నుంచి పనిచేస్తున్న జాతీయ నమూనా సర్వే కంటే అనుభవం ఉన్న సంస్థ లేదు. దానికీ ఇందులో దెబ్బ తగిలింది. 1999-2000 సర్వేలో తిండి ఖర్చు గురించి గడిచిన 7 రోజులకీ, 30 రోజులకీ పక్కపక్కనే అడిగారు. ఏడు రోజుల మీద అడిగితే ఖర్చు ఎక్కువగా వస్తుందని అంతకుముందు ప్రయోగాల్లోనే తేలింది. రెండూ ఒకేచోట అడిగేసరికి ఒక జవాబు ఇంకోదాన్ని లాగేసింది. ఆ ఏడాది పేదరికం అంకెను పాత అంకెలతో పోల్చవచ్చా లేదా అని ఆర్థికవేత్తలు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. అంత పెద్ద సర్వేకే ఆ తిప్పలైతే, "నెలకు సరుకులకి ఎంత అవుతుంది?" అన్న మన ఒక్క ప్రశ్నకి వచ్చే జవాబును ఎంతవరకు నమ్మాలి?

ఇప్పుడు అంగడి. మా హిందూపురం అమ్మాయి కూర్చున్న అంగడి మదనపల్లె వైపు ఆయనది. "కూర్చోమ్మా, దానికేం" అన్నాడు. అప్పు పుస్తకంలో పేర్లు మాత్రం రాసుకోవద్దని మాట తీసుకున్నాడు. న్యాయమైన మాట. అక్కడ కూర్చునే ప్రతి విద్యార్థీ ఆ మాట నిలబెట్టుకోవాలి.

మొదటి వారంలోనే ఫాంలో ఎక్కడా లేని సంగతులు బయటపడ్డాయి. ఒకావిడ సోనా మసూరి బియ్యం అడిగితే ఆయన ఇవ్వలేదు. "అది వద్దక్కా, పోయినసారి మెత్తగా అయిందన్నారు కదా, ఇది తీసుకెళ్లండి" అని వేరే బస్తా విప్పాడు. ఇంకొకాయన తాళం చెవి ఇచ్చి, పనమ్మాయి వస్తే ఇమ్మని చెప్పి ఆఫీసుకి పోయాడు. కూరగాయలు తూచాక రెండు కరివేపాకు రెబ్బలు పైన వేయడం మామూలే. ఆ కొసరుకి మా అమ్మాయి ఫాంలో గడి ఎక్కడుంది? ఏడో ప్రశ్న కింద ఆ పిల్ల రాసుకున్న ఆప్షన్లు ధర, నాణ్యత, దూరం, ఆఫర్లు. అంతే.

షాంపూ సంగతి ఇంకా ముఖ్యం. చేతిలో డబ్బు తక్కువ ఉన్నవాళ్లే చిన్న ప్యాకెట్లు కొంటారని పుస్తకాల్లో చదువుకుంటాం. అది కొంత నిజమే. తమిళనాడు కడలూరులో చిన్ని కృష్ణన్ అనే వ్యాపారి షాంపూని ప్యాకెట్లలోకి తెచ్చింది సీసా కొనలేనివాళ్ల కోసమే. ఆయన కొడుకు రంగనాథన్ 1983లో మొదలుపెట్టిన వ్యాపారమే ఇవాళ చెన్నైలో ఉన్న కెవిన్‌కేర్ కంపెనీ. అయితే ఈ అంగట్లో వేలాడే షాంపూ ప్యాకెట్ల సరాల్ని నిలువునా చించుకుపోయేది పీజీ హాస్టళ్లలో ఉండే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు. ఎందుకంటే చాలా బ్రాండ్లలో మిల్లీలీటరు లెక్కన సీసా కంటే ప్యాకెట్టే చవక. ఇదే సంగతి ఫాంలో, ఆదాయం గడి పక్కన వచ్చి ఉంటే, "తప్పు డేటా" అని మా అమ్మాయి తీసి పడేసేది.

అంగడికీ లోటు ఉంది. అక్కడ కూర్చుంటే ఆ ఇంటివాళ్లు నెల మొదట్లో సూపర్‌మార్కెట్‌లో ఏం కొన్నారో, రాత్రి పదకొండుకి యాప్‌లో ఏం తెప్పించుకున్నారో తెలియదు. ఒక్క అంగడిని చూసి మారతహళ్లి మొత్తానికి తీర్పు చెప్పలేం. యాప్ కంపెనీల దగ్గర ఉండే డేటా విద్యార్థికి దొరికేది కాదు.

మూడో దారి ప్రయోగం. మూడిట్లో బలమైనది ఇదే, ఖరీదైనదీ ఇదే. ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్, ఆయన సహచరులు ముంబై దగ్గరి 17 నేత కంపెనీల్లో చేసిన పని 2013లో అచ్చయింది. కొన్ని మిల్లులకు నెలల తరబడి ఉచితంగా కన్సల్టెంట్లను పంపారు. మిగతావాటికి లోపాలు చూపించి వదిలేశారు. బట్టలో పడే లోపాలు రాసి పెట్టడం, నూలు నిల్వలు సర్దుకోవడం, మిషన్ల చుట్టూ శుభ్రం చేయడం, ఇలాంటి మామూలు పనులతోనే మొదటి ఏడాది ఉత్పాదకత 17 శాతం పెరిగింది. ఏళ్ల తర్వాత మళ్లీ వెళ్లి చూస్తే ఆ పద్ధతుల్లో సగం దాకా వదిలేశారు. యజమానికి ఫాం ఇచ్చి "మీ నిర్వహణ ఎలా ఉంది?" అని అడిగితే ఇందులో ఒక్క ముక్కా బయటికి రాదు. కానీ ఆ ఖర్చు భరించే స్తోమత నా విద్యార్థులకు లేదు, నాకూ లేదు.

అదే బ్లూమ్, ఇంకో ఆర్థికవేత్త జాన్ వాన్ రీనన్‌తో కలిసి చేసిన ఇంకో పనిలో మాత్రం మనం వాడుకోదగ్గది ఉంది. మేనేజర్లకు ఫోన్ చేసి 18 పద్ధతుల మీద 1 నుంచి 5 దాకా మార్కులు వేశారు. అయితే మార్కులు వేస్తున్నట్టు మేనేజర్లకు చెప్పలేదు. మార్కు వాళ్లను వేసుకోమనలేదు. పని ఎలా జరుగుతుందో చెప్పమని వినేవారు. అంటే అడగడం తప్పు కాదు, గడి ముందు పెట్టి అడగడంతోనే చిక్కు.

కాబట్టి ఎంతమంది అన్నది తేలాలంటే ఫాం, ఎందుకు అన్నది తెలియాలంటే అంగడి. రెండిట్లో ఒక్కటే చేయగలిగితే నేను అంగడే అంటాను. రెండూ చేయగలిగితే అంగడి ముందు, ఫాం తర్వాత. అప్పుడు ఫాంలో "సాధారణంగా ఎక్కడ కొంటారు?" అని ఉండకూడదు. "నిన్న ఏం కొన్నారు? ఎక్కడ?" అని ఉండాలి.

మొన్న మా అమ్మాయి తన నోట్‌బుక్ పేజీ ఫోటో తీసి పంపింది. "సాయంత్రం 7:40. పీజీ అబ్బాయి. షాంపూ సరం ఒకటి, గుడ్లు ఆరు. యూపీఐ. 7:45. మూడో అంతస్తు అక్క. పాలు రెండు. రేటు అడగలేదు. 'నిన్నటిది కూడా కలిపి రాసుకో అన్నా' అంది. ఆయన పుస్తకం తీయకుండానే ఎంతో చెప్పాడు." ఆ చివరి మాట కింద రెండు గీతలు గీసింది. పక్కన చిన్నగా, "మేడం, నా ఫాంలో ఏడో ప్రశ్న తీసేస్తున్నా" అని రాసింది.