సంగీత విభావరి, ఆటోపే, ఒక రోజు ఖర్చు: చిన్న ట్రస్టుకు ఏది మేలు?

ఊళ్లో నలభై మంది పిల్లలకు సాయంత్రం పూట ట్యూషన్ చెప్పే చిన్న ట్రస్టు ఒకటి ఉందనుకుందాం. టీచర్ల జీతాలు, గది అద్దె, కరెంటు, పిల్లలకు గుగ్గిళ్లు, అన్నీ కలిపి నెలకు 30,000. అంటే ఏడాదికి 3,60,000. ఈ డబ్బు ఎలా తేవాలని కమిటీ కూర్చుంటే "ఈసారి ఏదైనా కొత్తగా చేద్దాం" అని ఎవరో ఒకరు అంటారు. ఆ కొత్తదనం చివరికి సంగీత విభావరో, 5కె రన్నో, సావనీరో అయి తేలుతుంది.

ప్రోగ్రామ్‌లను నేను తీసిపారేయను. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన తర్వాత ఎన్టీఆర్, ఏఎన్నార్ వీధుల్లోకి వచ్చి విరాళాలు పోగుచేశారు. అప్పుడు ఎందుకివ్వాలని ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని లేదు. అంతకంటే నాకు నచ్చే ఉదాహరణ 1921 నాటి కాకినాడ. గాంధీ వస్తున్నారని తెలిసి, ఆయన దేవదాసీలతోనూ ముస్లిం స్త్రీలతోనూ విడిగా మాట్లాడాలని పట్టుబట్టింది చిన్నపిల్ల దుర్గాబాయి (తర్వాత దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గా పేరు పొందిన ఆవిడే). ఐదు వేలు నిధికి ఇస్తేనే కుదురుతుందన్నారు నిర్వాహకులు. ఆ స్త్రీలే ఆ డబ్బు సమకూర్చారు. సభలో నగలు కూడా ఒలిచి ఇచ్చారు. "స్వరాజ్యానికి విరాళం ఇవ్వండి" అని ఊరికే అడిగితే ఎంత వచ్చేదో గానీ, ఇంత ఇస్తే ఇది జరుగుతుంది అనేసరికి పని అయిపోయింది.

మన ట్యూషన్ సెంటర్‌కు ఉప్పెన లేదు, గాంధీ రాడు. హాలు అద్దె, మైకు, ఫ్లెక్సీలు, అతిథులకు శాలువాలు పోను మిగిలేది తక్కువ. పైగా టికెట్లు కొనేది కమిటీ సభ్యుల బావమరుదులు, ఆఫీసు స్నేహితులు. వాళ్లు మొహమాటానికి కొంటారు. మొహమాటం రెండో ఏడాదికి సగమవుతుంది. గది కట్టాలన్నా, ఒకేసారి పది కంప్యూటర్లు కొనాలన్నా ప్రోగ్రామ్ సరే. నెల జీతాలు దాని మీద పెట్టుకుంటే టెన్షనే.

సోషల్ మీడియా ఛాలెంజ్ సంగతి కూడా ఇందులోనే చెప్పేస్తాను. 2014లో ప్రపంచమంతా ఐస్ నీళ్లు నెత్తిన పోసుకుంటుంటే, హైదరాబాద్ జర్నలిస్టు మంజులత కళానిధి దాన్ని రైస్ బకెట్ ఛాలెంజ్‌గా మార్చారు. బకెట్ బియ్యం అవసరమైనవారికి ఇవ్వు, ఫొటో పెట్టు, అంతే. అకౌంట్ నంబరుతో పని లేదు, ఏ సంస్థనూ నమ్మాల్సిన పని లేదు. అది చాలా తెలివైన ఆలోచన. కానీ సంస్థే అక్కర్లేని పద్ధతితో సంస్థ ఎలా నడుస్తుంది? టీచరుకు జీతం బకెట్లలో ఇవ్వలేం కదా.

రెండోది ఆటోపే, అంటే దాత ఒకసారి ఒప్పుకుంటే నెలనెలా ఖాతాలోంచి డబ్బు దానంతటదే కట్ అయ్యే ఏర్పాటు. నెలకు 200 చొప్పున 150 మంది ఉంటే లెక్క సరిపోతుంది. కాగితం మీద ఇంతకంటే మంచి పద్ధతి లేదు. చిక్కు ఏంటంటే, డబ్బు కట్ అయ్యే ముందు ప్రతి నెలా బ్యాంకు మెసేజ్ వస్తుంది. వద్దనుకున్నవాడికి ప్రతి నెలా అదొక అవకాశం. ట్రస్టు నుంచి ఏ కబురూ లేకపోతే 200 కూడా కరెంటు బిల్లు లాంటిదే అవుతుంది. మీ దగ్గర చదువుకుని ఉద్యోగాల్లో చేరిన పిల్లలకు ఇది బాగా కుదురుతుంది, ఎందుకంటే వాళ్లకు మీరెవరో చెప్పక్కర్లేదు. కొత్తవారిని మాత్రం దీంతో మొదలుపెట్టించలేం.

నా ఓటు మూడోదానికి. ఏడాదికి 300 పనిదినాలు అనుకుంటే రోజు ఖర్చు 1,200. ఆ రోజును దాతకు ఇచ్చేయండి: "మీ అమ్మగారి పేరు మీద ఒక సాయంత్రం బడి." ఇది మనం కనిపెట్టిందేమీ కాదు. తిరుమలలో ఒక రోజు అన్నప్రసాద వితరణకు 44 లక్షలని టీటీడీ ధర పెట్టింది. అల్పాహారానికి 10, మధ్యాహ్నానికి 17, రాత్రికి 17 లక్షలు. ఆ రోజు దాత పేరు అక్కడ కనిపిస్తుంది. అంత పెద్ద దేవస్థానం కూడా ఖర్చును రోజుగా, పూటగా ముక్కలు చేసి అడుగుతోందంటే అందులో కిటుకు ఉన్నట్టే. 1,200 ఎక్కువనిపించినవారికి గుగ్గిళ్ల వరకూ విడదీయొచ్చు.

అయితే దీన్ని నడపడం తేలిక కాదు. అందరికీ ఆదివారమో, ఆగస్టు 15వ తేదీనో కావాలి. ఆబ్దికాలు తిథి ప్రకారం కాబట్టి ఇంగ్లీషు తేదీ ఏటా మారుతుంది. ఏ రోజు ఎవరిదో రాసుకునే తారీఖుల పుస్తకంలో రెండూ రాసుకోవాలి. తేదీకి వారం ముందు ఎవరో ఒకరు ఫోన్ చేయాలి. వాట్సాప్ ఫార్వర్డ్ కాదు, ఫోనే. ఆ ఫోన్ చేసే మనిషి లేకపోతే ఈ పద్ధతి జోలికి వెళ్లకండి.

"శాశ్వత దాత" మాట కూడా వద్దు. 1,116 ఒకసారి కడితే ఏటా మీ పేరు చదువుతాం అంటే, ఏడు శాతం వడ్డీకి వచ్చేది 78 రూపాయలు. రోజు ఖర్చు పెరుగుతూనే ఉంటుంది, మాట మాత్రం అలాగే మెడకు చుట్టుకుంటుంది. ఏ ఏడాదికి ఆ ఏడాది అడగడమే మేలు. ఇంకో మాట, దాత పుట్టినరోజని పిల్లలను ఫ్లెక్సీ ముందు నిలబెట్టి చప్పట్లు కొట్టించకండి. బోర్డు మీద పేరు, ఆ రోజు చెప్పిన పాఠం గురించి రెండు ముక్కలు రాసి పంపితే చాలు.

ఈ తారీఖుల పద్ధతికి విదేశాల్లో స్థిరపడిన మన ఊరి పిల్లలు త్వరగా స్పందిస్తారు. ఇక్కడ జాగ్రత్త. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకు రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు పంపితే వస్తుంది. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి, ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో ఖాతా ఉండాలి. అడిగేముందే ఏ పాస్‌పోర్టో కనుక్కోండి. ఇక్కడివారికి 80జీ, అంటే విరాళానికి ఆదాయపు పన్నులో దొరికే మినహాయింపు, ఆశ చూపించడం కూడా అందరి దగ్గరా పనిచేయదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి ఆ మినహాయింపు లేదు. పాత విధానంలోనూ 2,000 దాటిన నగదుకు రాదు.

ఇక కంపెనీల సీఎస్ఆర్, అంటే లాభాల్లోంచి సమాజసేవకు అవి పక్కన పెట్టే డబ్బు. మూడేళ్ల అనుభవం, రిజిస్ట్రేషన్లు, ఆడిట్ రిపోర్టులు చూపించాకే ఆ తలుపు తెరుచుకుంటుంది. ఈలోగా తారీఖుల పుస్తకంలో వంద రోజులు నిండితే, మిగతా రెండు వందల్లో కొన్నింటికి ఆటోపే పాత విద్యార్థులను అడగొచ్చు.