సంక్రాంతి పనుల్లో పిల్లలు: పెద్దలకు సాయమా, సొంతంగా బొమ్మల కొలువా?

పండగ పనుల్లో పిల్లల్ని కలుపుకోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి, మనం చేసే పనిలోనే వాళ్లనూ ఓ చెయ్యి వేయనివ్వడం: అరిసెలకు నువ్వులు అద్దడం, ముగ్గులో రంగులు నింపడం, గొబ్బెమ్మలకు బంతిపూలు గుచ్చడం. నాలుగైదేళ్ల పిల్లలకు ఇదే నయం. పక్కనే అమ్మమ్మ ఉంటుంది, కబుర్లు వాటంతటవే దొర్లుతాయి. పాకం, నూనె బాండీ దగ్గరికి మాత్రం రానివ్వకూడదు. చిక్కేమిటంటే, పెద్దలకు తొందరైతే "నువ్వుండమ్మా, నేను చేస్తాలే" అని పని లాగేసుకుంటారు.

రెండోది, బొమ్మల కొలువు మొత్తం వాళ్లకే అప్పగించడం. ఎనిమిదేళ్లు దాటినవాళ్లకు నేనైతే ఇదే ఇస్తాను. మెట్లు బేసి సంఖ్యలో ఉండాలని చెప్పి ఊరుకుంటే చాలు. పైన దేవుళ్లు, కింద పల్లెటూరు: అట్టపెట్టెతో ఎడ్లబండి, పళ్లెంలో మట్టి పోసి మొలిపించిన ఆవాల చేను. మొలకలు రావడానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి భోగికి ముందే చల్లాలని వాళ్లే లెక్కేసుకుంటారు. పేరంటానికి ఎవరిని పిలవాలో కూడా వాళ్లనే అడగండి. బొమ్మలు వంకరగా ఉన్నా సర్దకండి, మీ చెయ్యి పడితే వాళ్ల హుషారు అక్కడే చల్లారిపోతుంది.

రెండు వయసుల వాళ్లూ ఉన్న ఇంట్లో చిన్నవాళ్లను కొలువులోకి నెట్టకండి, గొడవలవుతాయి. భోగి సాయంత్రం వాళ్లకు భోగిపళ్లు ఉండనే ఉన్నాయి.