ముందు నిలిచిన షిర్లీ, వెనక నిలిచిన ఎల్లా

ఇద్దరూ అమెరికా నల్లజాతి స్త్రీలే. నడిపించే తీరులో మాత్రం ఎక్కడా పొంతన లేదు.

షిర్లీ చిషోమ్ 1968లో అమెరికా చట్టసభ దిగువ సభ అయిన ప్రతినిధుల సభకు ఎన్నికైన తొలి నల్లజాతి మహిళ. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ నగరవాసుల ప్రతినిధిని తీసుకెళ్లి వ్యవసాయ కమిటీలో వేశారు! కొత్త సభ్యురాలినని ఆమె తలవంచలేదు, పట్టుబట్టి మార్పించుకున్నారు. 1972లో డెమొక్రాటిక్ పార్టీ తరఫున దేశాధ్యక్ష అభ్యర్థిత్వానికి పోటీపడితే నల్లజాతి పురుష నాయకులు చాలామంది కలిసిరాలేదు. తనకు జాతికన్నా స్త్రీ కావడమే పెద్ద అడ్డు అయిందని ఆమె చెప్పేవారు.

ఎల్లా బేకర్ దారి వేరు. పాస్టర్ల మాటే చెల్లే పౌరహక్కుల సంస్థలో పనిచేసిన ఆమెకు, ఒక్క మహానాయకుడి చుట్టూ తిరిగే ఉద్యమం రుచించలేదు. 1960 ఏప్రిల్‌లో రాలీ నగరంలోని షా విశ్వవిద్యాలయంలో విద్యార్థులను కూడగట్టి, పెద్దల సంస్థకు తోకగా ఉండకుండా సొంత సంఘం పెట్టుకోమన్నారు. సమావేశాల్లో ఆమె తీర్పులు చెప్పడంకన్నా ప్రశ్నలు వేయడమే ఎక్కువ.

మూసిన తలుపు తెరవాలంటే షిర్లీ తెగువే కావాలి. కొత్త నాయకులు పుట్టాలంటే మాత్రం నా ఓటు ఎల్లాకే, ఆ పద్ధతికి ఓపిక చాలా కావాలనుకోండి. ఆమె పెంచిన ఆ విద్యార్థి సంఘానికి అధ్యక్షుడైన జాన్ లూయిస్ తర్వాత అదే ప్రతినిధుల సభలో మూడు దశాబ్దాలకు పైగా కూర్చున్నారు.