వర్టస్ సెడాన్‌లో హైదరాబాద్ నుంచి అరకు: దారి, బస, బండి

కుటుంబానికి కారు అనగానే ఇప్పుడు అందరి చూపూ ఎత్తుగా ఉండే ఎస్‌యూవీల మీదే. సెడాన్ కొన్నవాళ్లు కూడా అరకు మాట వచ్చేసరికి బండి కింద తగులుతుందేమోనని వెనకాడుతున్నారు. ఆ భయం అక్కర్లేదు. హైదరాబాద్ నుంచి అరకు దాదాపు 700 కిలోమీటర్లు. అందులో ఘాట్ 60కి మించదు, మిగతాదంతా మంచి హైవే. సెడాన్‌కి అసలు చిక్కు కొండ మీద కాదు, హోటల్ గేటు దగ్గరి ర్యాంపుల మీద, సున్నం గీతలు చెరిగిపోయిన ఊరి స్పీడ్ బ్రేకర్ల మీద. వాటికి సిద్ధపడితే ఈ ప్రయాణానికి ఇంతకంటే సుఖమైన బండి ఈ ధరలో దొరకదని నా అభిప్రాయం.

ఇక్కడ చెబుతున్నది ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ 1.0 టీఎస్ఐ ఆటోమేటిక్ గురించి. 2022 జూన్‌లో మార్కెట్లోకి వచ్చిన ఈ కారులో మూడు సిలిండర్ల టర్బో పెట్రోల్ ఇంజన్ ఉంది. 115 పీఎస్ శక్తి, 178 ఎన్ఎం టార్క్ (చక్రాలను తిప్పే బలం). ఆ టార్క్ 1750 ఆర్‌పీఎం నుంచే అందుతుంది కాబట్టి, నలుగురు మనుషులూ నిండిన డిక్కీతో లారీని దాటాలన్నా గుండెలు అదరవు. అయితే బండి బాగా నెమ్మదించాక ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కితే టర్బో అందుకునే దాకా క్షణం పాటు వెలితి తెలుస్తుంది. విజయవాడ హైవే మీద మీడియన్ గ్యాపుల దగ్గర అడ్డంగా వచ్చే బైకుల్ని, ట్రాక్టర్లని దృష్టిలో పెట్టుకుని ఆ వెలితిని ముందే లెక్కలో వేసుకోవాలి.

1.5 టీఎస్ఐ తీసుకుంటే 150 పీఎస్, 250 ఎన్ఎం వస్తాయి. దాని ఆటోమేటిక్ 7 గేర్ల డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌లతో గేర్లు మార్చేది, పొడి క్లచ్ రకం. హైవే మీద అదే గొప్ప. కానీ సెలవు రోజుల్లో ఘాట్ మీద వాహనాలు ఆగుతూ పాకుతూ కదిలేటప్పుడు పొడి క్లచ్ వేడెక్కుతుంది. 1.0లో ఉన్నది నూనె ద్వారా శక్తిని అందించే టార్క్ కన్వర్టర్ గేర్‌బాక్స్, 6 గేర్లు. అలాంటి రద్దీలో ఇదే నిబ్బరంగా ఉంటుంది. కొండలూ తీర్థయాత్రలూ ఎక్కువగా తిరిగే ఇంటికి 1.0 ఆటోమేటిక్ చాలు.

డిక్కీ 521 లీటర్లు. అంకె చూసి పెద్ద గట్టి సూట్‌కేసులు తెచ్చుకుంటే మాత్రం ఇబ్బందే. లోపలి చోటు కంటే డిక్కీ నోరు ఇరుకు. మూత వేసేటప్పుడు దాని కమ్మీలు రెండు పక్కలా లోపలికి దిగుతాయి, అక్కడ గట్టి వస్తువు ఉంటే మూత పడదు. రెండు మధ్యరకం సూట్‌కేసులు అడుగున పడుకోబెట్టి, మిగతావి గుడ్డ బ్యాగుల్లో సర్దుకుంటే నలుగురికి నాలుగు రోజుల సామాను హాయిగా పడుతుంది. బరువైనవి వెనక సీటును ఆనుకుని ఉండాలి. స్టెప్నీ అడుగున ఉంటుంది కాబట్టి బయల్దేరే ముందే దాని గాలి కూడా చూడాలి. హైబ్రిడ్ సెడాన్ మీద మనసుపడే వాళ్లు ఒకటి గమనించాలి: హోండా సిటీ హైబ్రిడ్‌లో బ్యాటరీ వెనకే ఉండటంతో డిక్కీ బాగా తగ్గిపోతుంది. మైలేజీ సంగతి సరే, సామాను ఎక్కడ పెడతారన్నది ముందు తేల్చుకోవాలి.

వెనక సీటు ఇద్దరు పెద్దలకు, మధ్యలో ఒక పిల్లకు సరిగ్గా సరిపోతుంది. మధ్యలో నేల దిబ్బలా ఎత్తుగా ఉండటంతో మూడో పెద్దమనిషికి కాళ్లు పెట్టుకునే చోటుండదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు సెడాన్‌లోకి దిగి కూర్చోవడం, లేవడం కొంచెం కష్టమే. వాళ్లని ముందు సీట్లో, వీలుంటే సీటు ఎత్తు పెంచి కూర్చోబెడితే నయం. పిల్లల సీట్లను నేరుగా కారుకి బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు వెనక రెండు పక్కలా ఉన్నాయి. 2023లో కార్లను ఢీకొట్టించి భద్రత చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో పెద్దలకూ పిల్లలకూ రెండింటికీ 5 స్టార్లు వచ్చాయి. ఆ రేటింగ్ పనికిరావాలంటే వెనక కూర్చున్నవాళ్లు కూడా బెల్టు పెట్టుకోవాలి.

ఇక దారి. ఎల్బీ నగర్ నుంచి చౌటుప్పల్, సూర్యాపేట, కోదాడ, నందిగామ మీదుగా విజయవాడ. 2025 ఆగస్టు 15 నుంచి సొంత కార్లకు ఫాస్టాగ్ వార్షిక పాస్ వచ్చింది. వచ్చినప్పుడు దాని ధర 3000 రూపాయలు. ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. జాతీయ రహదారుల టోల్ గేట్లకే చెల్లుతుంది. ఈ దారిలో టోల్ గేట్లు వరసగా వస్తాయి కాబట్టి, ఏడాదికి రెండుసార్లు కోస్తాకి వెళ్లొచ్చే కుటుంబానికి ఖర్చు తిరిగొచ్చేస్తుంది. టోల్ క్యూలో వేసవి మధ్యాహ్నం ఇంజన్ దానంతటది ఆగిపోయి ఏసీ చల్లదనం తగ్గితే కంగారుపడొద్దు. అది స్టార్ట్-స్టాప్ వ్యవస్థ. మీట నొక్కి ఆపేయొచ్చు, కాకపోతే బండి స్టార్ట్ చేసిన ప్రతిసారీ మళ్లీ నొక్కాలి.

ఏలూరు దాటాక గుండుగొలను దగ్గర దారి చీలుతుంది. నేరుగా దేవరపల్లి, కొవ్వూరు మీదుగా నాలుగో గోదావరి వంతెన ఎక్కితే త్వరగా చేరతారు. తాడేపల్లిగూడెం, తణుకు, రావులపాలెం వైపు పాత దారి చుట్టు, ఊళ్లెక్కువ. కానీ ఆత్రేయపురం పూతరేకులు, కడియపులంక నర్సరీలు అటే ఉన్నాయి. నర్సరీలు తిరుగు ప్రయాణానికి ఉంచుకోండి, మొక్కల కుండీలు డిక్కీలో పెట్టుకుని ఘాట్ ఎక్కడం ఎందుకు!

ఒక్క రోజులో 700 కిలోమీటర్లు లాగించడం పిల్లలతో తగని పని. విజయవాడలో ఆగితే మర్నాటికి చాలా దూరం మిగిలిపోతుంది, ఘాట్ ఎక్కేసరికి చీకటి పడుతుంది. రాజమండ్రి సరైన మజిలీ: 430 కిలోమీటర్ల దగ్గర వస్తుంది, అన్ని ధరల్లో గదులున్నాయి, సాయంత్రం పుష్కర ఘాట్‌లో గోదావరి హారతి చూడొచ్చు. ఇంకాస్త ఓపిక ఉంటే అన్నవరం. దేవస్థానం సత్రాలు శుభ్రంగా, చవకగా ఉంటాయి, కారు కొండ మీదికే వెళ్తుంది. కానీ కార్తీక మాసంలోనూ పెళ్లి ముహూర్తాలున్న రోజుల్లోనూ గది దొరుకుతుందన్న ఆశతో వెళ్లకూడదు.

గది బుక్ చేసే ముందు హోటల్‌కి ఫోన్ చేసి అడగాల్సిన మొదటి ప్రశ్న ఏసీ గురించి కాదు, పార్కింగ్ గురించి. సెల్లార్‌లోకి దిగే ర్యాంపు నిటారుగా ఉండి, చివర ఒక్కసారిగా సమతలం అయ్యే చోట సెడాన్ పొట్ట తగులుతుంది. వర్టస్ గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకీ బండి అడుగుకీ మధ్య ఎత్తు) ఖాళీగా ఉన్నప్పుడు 179 మిల్లీమీటర్లు, పూర్తి బరువుతో 145. ఆ తేడా 34 మిల్లీమీటర్లు, కింద గీరుకోవడానికి అది చాలు. ర్యాంపు దగ్గర మనుషుల్ని, బరువు బ్యాగుల్ని దింపేసి, బండిని కొంచెం ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కేలా నడపాలి. ఊరి స్పీడ్ బ్రేకర్లకూ ఇదే పద్ధతి: బ్రేకర్ మీద ఉండగా బ్రేకు తొక్కకూడదు, తొక్కితే ముందు భాగం ఇంకా కిందికి వంగుతుంది. ముందే నెమ్మదించి బ్రేకు వదిలేసి దాటాలి. టైర్లలో గాలి కూడా పూర్తి బరువుకి చెప్పిన అంకె ప్రకారం పెట్టించాలి. కారు మీది గాలి అంకెల స్టిక్కర్ మీద మామూలు బరువుకి ఒకటి, నిండు బరువుకి ఒకటి ఉంటాయి. పంపు కుర్రాడికి చెప్పకపోతే అన్నిటికీ ఒకే అంకె కొట్టేస్తాడు.

అరకు వెళ్లడానికి విశాఖలోకి దిగనక్కర్లేదు. అనకాపల్లి దగ్గర ఆనందపురం వైపు వెళ్లే ఆరు వరసల రోడ్డు పట్టుకుని, సబ్బవరం దాటి పెందుర్తి దగ్గర కొత్తవలస, శృంగవరపుకోట వైపు తిరగాలి. గాజువాక రద్దీ మొత్తం తప్పుతుంది. ఎస్.కోటలో పెట్రోలు నింపుకుని, టైర్లు చూసుకుని ఘాట్ ఎక్కాలి.

ఎక్కేటప్పుడు గేరు మీటని డీ (మామూలు డ్రైవ్)లో ఉంచితే గేర్‌బాక్స్ మైలేజీ కోసం పై గేరుకి పోతుంది, మలుపు రాగానే కిందికి దిగుతుంది. ఈ తడబాటు వెనక కూర్చున్నవాళ్లకు వాంతులు తెప్పిస్తుంది. ఎస్ (స్పోర్ట్)లో పెట్టండి, లేదా చేత్తో రెండో, మూడో గేరులో ఉంచండి. దిగేటప్పుడు ఇది ఇంకా ముఖ్యం. ఎడతెగకుండా బ్రేకు తొక్కితే డిస్కులు, లైనింగులు కాలి వాసన వస్తుంది, ఆ తర్వాత పెడల్ మెత్తబడుతుంది. వెనక చక్రాలకు డ్రమ్ములే కాబట్టి వేడి త్వరగా పోదు. రెండో గేరులో ఇంజన్ పట్టుతో దిగుతూ, మలుపుకి ముందు గట్టిగా ఒకసారి తొక్కి వదిలేయాలి. వాసన వస్తే పక్కకి ఆపి పావుగంట చల్లారనివ్వాలి, చక్రాల మీద నీళ్లు పోయకూడదు. వేడి డిస్కు వంకరపోతుంది. గాలికొండ దగ్గర పొగమంచు కమ్మితే హైబీమ్ వేయొద్దు. మంచే తెల్లటి గోడలా అడ్డొస్తుంది. లోబీమ్, ఫాగ్ ల్యాంపులు, అద్దాల మీద ఆవిరి పోవడానికి ఏసీ. ఇవి చాలు.

బొర్రా గుహలకు మధ్యలో పక్కదారి. సన్నది, సెలవు రోజుల్లో పార్కింగ్ కోసమే గంట పోతుంది. ఉదయం గేట్లు తెరిచేసరికి చేరితే మేలు. మలుపులు పడని పెద్దవాళ్లుంటే, వాళ్లని విశాఖ నుంచి కిరండూల్ రైల్లో అద్దాల పెట్టె ఎక్కించి బొర్రా గుహలు స్టేషన్‌లో కలుసుకోవచ్చు. టికెట్లు ముందే చేయించాలి, రైలు ఉదయాన్నే బయల్దేరుతుంది.

అరకులో బసకు ఏపీ టూరిజం వారి హరిత వ్యాలీ, మయూరి ఉన్నాయి. గదులు పాతకాలపువే అయినా ఆవరణ విశాలం, కారు సమతలం మీద నిలుస్తుంది. సెడాన్ వాళ్లకు ఇది పెద్ద సుఖం. అనంతగిరిలో హరిత హిల్ రిసార్ట్ ప్రశాంతం, కానీ సాయంత్రం తిరగడానికి ఏమీ ఉండదు. గుడారాల బసలు ఫొటోల్లో బాగుంటాయి, వాటిలో చాలావాటికి చివరి దారి మట్టిది. వాన పడితే, ఇంజన్ శక్తి ముందు చక్రాలకే అందే ఈ సెడాన్ చక్రాలు బురదలో తిరుగుతూనే ఉంటాయి. నవంబరు నుంచి జనవరి వారాంతాల్లో అద్దెలు పెరుగుతాయి, వేడినీళ్లు ఏ వేళల్లో వస్తాయో చేరగానే అడిగి ఉంచుకోవాలి. వంజంగి మేఘాలు చూడాలంటే పాడేరు వైపు వెళ్లి, కింద కారు వదిలేసి నడవండి. ఆ రాళ్ల దారి ఈ బండికి కాదు.

మైలేజీ: గంటకు 90, 100 కిలోమీటర్ల మధ్య నిలకడగా పోతే లీటరుకి 16 నుంచి 18 కిలోమీటర్లు, ఘాట్ మీద 10, 11. హైదరాబాద్ ట్రాఫిక్‌లో కూడా అంతే. ట్యాంకు 45 లీటర్లు.

తిరిగొచ్చాక సర్వీసు గడువు రాకపోయినా ఒకసారి లిఫ్ట్ మీదికి ఎక్కించి, ఇంజన్ కింది ప్లాస్టిక్ షీల్డు క్లిప్పులు ఊడాయేమో చూపించండి. ర్యాంపుల మీద గీరుకున్నప్పుడు ముందు పోయేవి అవే, వేలాడుతున్న షీల్డు హైవే వేగంలో చిరిగిపోతుంది. అలైన్‌మెంట్ కూడా అప్పుడే చేయించుకోవచ్చు. భీమిలి బీచ్ రోడ్డులో తిరిగి ఉంటే అడుగు భాగం మంచినీళ్లతో కడిగించాలి.