కేదార్‌నాథ్ యాత్రలో బస, బండి, హెలికాప్టర్: డబ్బు కట్టేముందు మేం చూసుకున్నవి

దసరా సెలవుల్లో అమ్మానాన్నలతో కేదార్‌నాథ్, బదరీనాథ్ చూసొచ్చాం. దర్శనం గురించి, మంచుకొండల గురించి చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. నేను బుకింగుల సంగతే చెప్తాను. పెన్షన్ డబ్బులు కూడబెట్టుకుని బయల్దేరే మన పెద్దవాళ్లకు దెబ్బ తగులుతున్నది అక్కడే. కేదార్‌నాథ్ హెలికాప్టర్, గెస్ట్‌హౌసులు, టాక్సీల పేరుతో నకిలీ సైట్లు, ఫేస్‌బుక్ పేజీలు నడుస్తున్నాయని కేంద్ర హోం శాఖ సైబర్ విభాగం ఐఫోర్‌సీ 2025 ఏప్రిల్‌లోనే హెచ్చరించింది.

రిషికేశ్‌లో టీటీడీ వాళ్ల ఆంధ్రా ఆశ్రమం ఉంది. ప్రయాణ బడలికలో తెలుగు మాట వినిపిస్తే అమ్మ ముఖం వికసించింది. అక్కడ బుకింగ్ తలనొప్పి ఏమీ లేదు.

కేదార్‌నాథ్ దారిలో ఉన్న గుప్తకాశీలో, హోటల్ దగ్గరే జాగ్రత్త పడాల్సి వచ్చింది. మ్యాపులో ఆ హోటల్ కింద ఉన్న నంబరుకు ఫోన్ చేస్తే, ఎంతమంది వస్తున్నారు, పెద్దవాళ్లు ఉన్నారా, ఎన్నింటికి దిగుతారు, ఒక్క ముక్క అడగలేదు. "రెండే గదులున్నాయి, ఫుల్ పేమెంట్ చేసేయండి" అని క్యూఆర్ పంపాడు. స్కాన్ చేస్తే వచ్చిన పేరు హోటల్‌ది కాదు, ఎవరో మనిషిది. అక్కడే ఆపేశాం. యూపీఐ యాప్‌లు బ్యాంకు రికార్డులో ఉన్న పేరే చూపించాలని, యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ 2025 జూన్ ఆఖరుకల్లా నియమం తెచ్చింది. పిన్ కొట్టేముందు ఆ పేరు ఒక్కసారి చదవండి. మ్యాపులో నంబరు మార్చమని ఎవరైనా సూచించవచ్చు, కాబట్టి అది హోటల్ వాళ్లదే అనుకోవడానికి లేదు.

అంతకుముందు అక్కడ దిగివచ్చిన తెలిసినవాళ్ల బిల్లు మీద ఉన్న నంబరుకు చేస్తే అసలు ఓనరు దొరికాడు. వీడియో కాల్‌లో గది చూపించమన్నాం. ఫోన్ పట్టుకుని మెట్లెక్కి, గీజర్ స్విచ్ వేసి, కిటికీ తీసి, మందాకినికి అవతల కొండ మీదున్న ఊఖీమఠ్ ఇళ్లు చూపించాడు. కొంత అడ్వాన్స్, మిగతాది దిగాక. గది శుభ్రంగా ఉంది, వేణ్ణీళ్లకు లోటు లేదు. భోజనం రొట్టె, పప్పు. అన్నం కావాలంటే ముందే చెప్పాలి.

టాక్సీ హరిద్వార్‌లో మాట్లాడుకున్నాం. చార్‌ధామ్ దారిలో తిరిగే అద్దె బండికి ఉత్తరాఖండ్ రవాణా శాఖ ఇచ్చే గ్రీన్ కార్డు, ట్రిప్ కార్డు ఉండాలి. ఆ కార్డు ఫొటో, బండి నంబరు పంపమంటే మా డ్రైవరు వెంటనే పంపాడు. అంతకుముందు చౌకగా చెప్పిన ఇంకొకడు మళ్లీ ఫోనెత్తలేదు.

ఇక హెలికాప్టర్. గౌరీకుండ్ నుంచి పైకి 16 కిలోమీటర్లకు పైనే నడక, గుడి 11,700 అడుగుల ఎత్తున. మోకాళ్లు అరిగినవాళ్లకు హెలికాప్టర్ పెద్ద ఆసరా. గుప్తకాశీ, ఫాటా, సిర్సీల నుంచి ఎగిరే ఈ సర్వీసులకు 2023 నుంచి ఆన్‌లైన్ టికెట్లు అమ్ముతున్నది ఐఆర్‌సీటీసీ సైటు: హెలీయాత్ర డాట్ ఐఆర్‌సీటీసీ డాట్ కో డాట్ ఇన్. వెతికితే పైన "స్పాన్సర్డ్" అని వచ్చేవాటి మీద నొక్కకుండా ఈ చిరునామా మీరే టైపు చేయండి. చార్‌ధామ్ యాత్ర రిజిస్ట్రేషన్ లేనిదే అక్కడ బుకింగ్ జరగదు. బుకింగ్ తెరిచిన కాసేపటికే టికెట్లు అయిపోతాయి. "మా దగ్గర కోటా ఉంది" అనేవాళ్లు వాట్సాప్‌లో పుట్టుకొచ్చేది సరిగ్గా అప్పుడే.

ఫాటా హెలిప్యాడ్‌లో మా ముందు వరసలో రాజమండ్రి నుంచి వచ్చిన ముసలి దంపతులు నిలబడ్డారు. వాళ్ల కాగితం మీద లోగో, పేర్లు, తేదీ, అన్నీ ఉన్నాయి. సిబ్బంది స్కాన్ చేస్తే ఏమీ రాలేదు. మళ్లీ చేశారు, రాలేదు.

"బాబాయ్‌గారూ, యాత్ర రిజిస్ట్రేషన్ నంబరు అడిగారా?" అన్నాను.

"లేదమ్మా. ఆధార్ ఫొటోలు పంపమన్నారు. డబ్బులు కట్టాక ఇన్సూరెన్సు అన్నారు, అది తిరిగిచ్చేస్తామన్నారు, అదీ కట్టాం."

ఆవిడ చేతిసంచిలో కేదారుడికని తెచ్చిన మారేడు దళాలు ఉన్నాయి. వాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోయింది. ఇంత దూరం భక్తితో వచ్చినవాళ్ల దగ్గర డబ్బు కాజేసినవాణ్ని ఊరికే వదలకూడదు.

అక్కడి నుంచే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించాం. ఎంత త్వరగా చెబితే, డబ్బు ఇంకో ఖాతాకు దాటేలోగా ఆపించే వీలు అంత ఎక్కువ. ఏ బ్యాంకు, ఎంత, ఎప్పుడు, ఏ ఖాతాకు పోయింది అని అడుగుతారు. యూపీఐ రసీదులో కనిపించే 12 అంకెల యూటీఆర్ నంబరు, అంటే ఆ లావాదేవీ నంబరు, దగ్గర పెట్టుకోవాలి. ఆయన కోపంతో ఆ చాట్ చెరిపేయబోతుంటే ఆపి, ముందు స్క్రీన్‌షాట్లు తీయించాను. వాడి ఫోన్ నంబరు, వాడు పంపిన క్యూఆర్, నకిలీ టికెట్, అన్నీ సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదుకు పనికొస్తాయి. "రీఫండ్ ఇస్తాం, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటూ వాడే మళ్లీ ఫోన్ చేయొచ్చని కూడా చెప్పాను. డబ్బు మనకు రావడానికి పిన్ అక్కర్లేదు.